మెదడు స్కాన్‌లో తెల్ల మచ్చలు: ఫిలిం మీద వైరస్ పేరు ఎందుకు ఉండదు

హనుమకొండ నక్కలగుట్టలోనో, కరీంనగర్‌లోనో మెదడు ఎంఆర్ఐ తీయించుకుని బయటికొచ్చేవాళ్ల చేతిలో ఒక పెద్ద కవరు ఉంటుంది. అందులో ఫిలిములు, ఒకటి రెండు పేజీల రిపోర్టు. డాక్టర్‌ను కలవడానికి ఇంకా టైం ఉంటుంది కాబట్టి ఇంట్లో చదువుకున్న పిల్లలెవరో ఆ రిపోర్టులోని మాటలను ఒక్కొక్కటిగా ఫోన్‌లో కొట్టి చూస్తారు. 'మల్టిపుల్ ఫ్లెయిర్ హైపర్‌ఇంటెన్సిటీస్', 'పెరివెంట్రిక్యులర్ వైట్ మ్యాటర్', 'డీమైలినేషన్', చివర్లో ప్రశ్నార్థకంతో 'పోస్ట్ వైరల్'. పది నిమిషాల్లో ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. డాక్టర్ గది తలుపు తెరవగానే పడే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, ఈ మచ్చలు వైరస్‌తోనే వచ్చినయా?"

ఆ ప్రశ్నకు స్కాన్ ఒక్కటే జవాబు చెప్పలేదు. స్కాన్ పనికిరాదని దీని అర్థం కాదు. వైట్ మ్యాటర్ జబ్బుల విషయంలో ఎంఆర్ఐ చెప్పినంత మరే పరీక్షా చెప్పదు. అయితే అది చెప్పేది మచ్చ ఉందా లేదా అన్న ముక్కలో కాదు, ఆ మచ్చ ఎక్కడుంది, దాని అంచు ఎక్కడ ఆగింది, ఎవరి తలలో ఉంది, ఎన్ని రోజుల్లో వచ్చింది అన్న వివరాల్లో ఉంటుంది.

ముందు వైట్ మ్యాటర్ సంగతి. మెదడు పైపొరలోనూ, లోతుల్లో ఉన్న కొన్ని ముద్దల్లోనూ నరకణాల శరీరాలు ఉంటాయి. అది గ్రే మ్యాటర్. ఆ కణాల నుంచి బయల్దేరి ఒక చోటు నుంచి మరో చోటుకు కబుర్లు మోసే పొడవాటి పోగుల కట్టలే వైట్ మ్యాటర్. మెదడు పరిమాణంలో సుమారు సగం ఇదే. ఈ పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఆలిగోడెండ్రోసైట్లనే కణాలు ఈ పొరను తయారుచేసి పోగులకు చుడతాయి. ఆ పొర ఉంటే సంకేతం సెకనుకు పదుల మీటర్ల వేగంతో పోతుంది. పొర ఊడితే (దీన్నే డీమైలినేషన్ అంటారు) నత్తనడక పడుతుంది, లేదా దారిలోనే ఆగిపోతుంది. కాలు ఈడ్చడం, చూపులో సగం పోవడం, మాట ముద్దగా రావడం, మతిమరుపు లాంటివన్నీ ఆ ఆలస్యానికి బయటికి కనిపించే రూపాలు.

ఎంఆర్ఐ యంత్రానికి మైలిన్ నేరుగా కనిపించదు. అది పట్టుకునేది ప్రధానంగా నీటిలోని హైడ్రోజన్ ఇచ్చే సంకేతాన్ని. ఆరోగ్యంగా ఉన్న వైట్ మ్యాటర్‌లో కొవ్వు ఎక్కువ, నీరు తక్కువ. మైలిన్ దెబ్బతిన్నా, వాపు వచ్చినా, రక్తం అందక కణాలు చచ్చినా ఆ చోట నీరు పెరుగుతుంది. ఎంఆర్ఐ తీసే రకరకాల చిత్రాల్లో ఒకటైన టీ2లో నీరు తెల్లగా మెరుస్తుంది. చిక్కేమిటంటే మెదడు లోపలి గదుల్లో సహజంగా ఉండే ద్రవం కూడా అందులో అంతే తెల్లగా కనిపిస్తుంది. ఆ ద్రవం సంకేతాన్ని అణిచేసి, కణజాలంలో చేరిన నీటిని మాత్రం తెల్లగా మిగిల్చే పద్ధతే ఫ్లెయిర్. అందుకే రిపోర్టుల్లో ఆ మాట అన్నిసార్లు వస్తుంది. మామూలు వైట్ మ్యాటర్ ఫ్లెయిర్‌లో గ్రే మ్యాటర్ కన్నా కాస్త నల్లగానే ఉంటుంది. ఆ నలుపులో తెల్లగా కనిపించేదే 'హైపర్‌ఇంటెన్సిటీ'.

కాబట్టి తెల్ల మచ్చ అంటే 'ఇక్కడ నీరు ఎక్కువైంది' అని మాత్రమే. వానాకాలంలో గోడకు చెమ్మ వస్తే అది స్లాబు కారడమా, గోడలోని పైపు పగలడమా, కింది నుంచి నేల తేమ ఎక్కడమా అన్నది మరక రంగును బట్టి తెలియదు. మరక పైనుంచి దిగుతోందా, కిందినుంచి ఎక్కుతోందా, ఏ గోడకు వచ్చింది, వాన ఆగాక కూడా ఉందా అని చూస్తాం. రేడియాలజిస్టు చూపు కూడా అలాగే నడుస్తుంది.

వైరస్‌లు వైట్ మ్యాటర్‌ను దెబ్బతీసే దారులు కూడా ఒకటి కాదు. కొన్ని మైలిన్ చేసే కణంలోకే దూరి దాన్ని చంపుతాయి. కొన్నిటి విషయంలో వైరస్ ఎప్పుడో పోయి ఉంటుంది, దానిమీదికి లేచిన రోగనిరోధక శక్తి పొరబడి సొంత మైలిన్ మీద పడుతుంది. కొన్ని ఏళ్ల తరబడి మెదడులో దాక్కుని నిదానంగా పనిచేస్తాయి. మూడింటిలోనూ ఫిలిం మీద కనిపించేది తెలుపే. చికిత్స మాత్రం ఒక్కోదానికి ఒక్కో రకం, కొన్నిసార్లు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

మొదటి దారికి ప్రసిద్ధ ఉదాహరణ పీఎంఎల్. పూర్తి పేరు ప్రోగ్రెసివ్ మల్టీఫోకల్ ల్యూకోఎన్సెఫలోపతి. ఈ జబ్బును మొదట 1958లో వర్ణించారు. దానికి కారణమైన జేసీ వైరస్‌ను 1971లో ఒక రోగి మెదడు కణజాలం నుంచి వేరు చేశారు, ఆ రోగి పేరులోని పొడి అక్షరాలే వైరస్ పేరయ్యాయి. పెద్దవాళ్లలో సగానికి పైగా మందిలో ఈ వైరస్ ఉన్న ఆనవాళ్లు దొరుకుతాయి. మూత్రపిండాల్లాంటి చోట్ల అది మౌనంగా పడి ఉంటుంది, ఏ హానీ చేయదు. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినప్పుడే మెదడుకెక్కి ఆలిగోడెండ్రోసైట్లను చంపడం మొదలుపెడుతుంది. హెచ్ఐవీ ముదిరి సీడీ4 (రోగనిరోధక కణాల) లెక్క 200 కన్నా దిగువకు పడినవాళ్లు, కొన్ని రక్త క్యాన్సర్లు ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి తర్వాత మందులు వాడుతున్నవాళ్లు ఎక్కువగా దీని బారిన పడతారు. రోగనిరోధక శక్తి సొంత మైలిన్ మీదే పదేపదే దాడిచేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బుకు వాడే నటాలిజుమాబ్ అనే మందును ఈ జబ్బు భయంతోనే 2005లో అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుని, గట్టి షరతులతో 2006లో మళ్లీ అనుమతించారు.

పీఎంఎల్ మచ్చను గుర్తుపట్టడానికి అంచు చూడాలి. మెదడు పైపొరకు సరిగ్గా కింద, పక్కపక్క మడతలను కలిపే పొట్టి పోగులు యు అక్షరం ఆకారంలో వంగి ఉంటాయి. పీఎంఎల్ మచ్చ ఆ యు ఫైబర్లను వదలదు. పైపొర దాకా వెళ్లి అక్కడ గీత గీసినట్టు ఆగుతుంది, లోపలి వైపు మాత్రం అంచు తెలియకుండా చెదిరిపోతుంది. కుడి ఎడమలు సమానంగా ఉండవు. టీ1 అనే మరో రకం చిత్రంలో అదే చోటు నల్లగా పడుతుంది. అంత పెద్ద మచ్చ ఉన్నా మెదడు పక్కకు నెట్టుకుపోదు, డై ఇంజెక్షన్ ఇచ్చినా మచ్చ సాధారణంగా వెలగదు. నీటి కదలికను చూపే డిఫ్యూజన్ చిత్రంలో మచ్చ ముందుకు పాకుతున్న అంచు సన్నటి తెల్ల కట్టుగా కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది.

అదే హెచ్ఐవీ రోగిలో మరో రకం తెలుపు కూడా రావచ్చు. అది జేసీ వైరస్ పని కాదు, హెచ్ఐవీ పనే. హెచ్ఐవీ మైలిన్ చేసే కణాల్లోకి పోదు, మెదడులోని కాపలా కణాల్లో చేరుతుంది, అవి వదిలే విషపదార్థాల వల్ల చుట్టుపక్కల దెబ్బ తగులుతుంది. అందుకని ఈ తెలుపు రెండు వైపులా ఒకే తీరుగా, మెదడు గదుల చుట్టూ పొగమంచులా పరుచుకుంటుంది. యు ఫైబర్ల దాకా రాదు. టీ1లో పెద్దగా తేడా కనిపించదు. మెదడు మొత్తంగా కుంచించుకుపోయి ఉంటుంది. రోగి కూడా వేరే రకంగా ఉంటాడు: పీఎంఎల్‌లో వారాల్లో ఒక చెయ్యి పడిపోవడమో, సగం చూపు పోవడమో జరిగితే, ఇందులో ఆలోచన మందగించడం, నడక తడబడడం నెమ్మదిగా మొదలవుతాయి. ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరి ఫిలిముల్లో ఈ తేడా చెప్పేది ఆ ఒక్క అంచే.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. హెచ్ఐవీ ఉన్న మనిషి మెదడులో మచ్చ కనిపిస్తే మన డాక్టర్ల మనసులో మొదట మెదిలేది పీఎంఎల్ కాదు, క్షయ, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. అది సబబే. అవి డై ఇచ్చినప్పుడు ఉంగరంలా వెలుగుతాయి, చుట్టూ వాపు ఉంటుంది, వాటికి మందులు ఉన్నాయి. పీఎంఎల్‌కు నేరుగా వైరస్‌ను చంపే మందు లేదు. రోగనిరోధక శక్తిని తిరిగి లేపడమే చికిత్స, అంటే హెచ్ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు. వీటిని మన దేశంలో ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగా ఇస్తోంది, వరంగల్ ఎంజీఎంలోనూ ఆ కేంద్రం ఉంది. ఇక్కడే కుటుంబాలను అయోమయంలో పడేసే ఒక విషయం చెప్పాలి. మందులు మొదలుపెట్టాక కొన్ని వారాలకు మనిషి పరిస్థితి, స్కాన్ రెండూ అంతకుముందు కన్నా ఘోరంగా కనిపించవచ్చు. అంతకుముందు వెలగని మచ్చ ఇప్పుడు వెలుగుతుంది, వాపు వస్తుంది. కోలుకున్న రోగనిరోధక శక్తి ఒక్కసారిగా వైరస్ మీద విరుచుకుపడడమే దానికి కారణం. 'మందు పడలేదు' అనుకుని సొంతంగా ఆపేస్తే మొదటికే మోసం. కొందరికి ఆ దశలో స్టెరాయిడ్ అవసరమవుతుంది, ఆ నిర్ణయం న్యూరాలజిస్టుదే.

రెండో దారికి ఉదాహరణ ఏడెమ్. అక్యూట్ డిసెమినేటెడ్ ఎన్సెఫలోమైలైటిస్ అని పూర్తి పేరు. ఇది ఎక్కువగా పిల్లల్లో వస్తుంది. జలుబో, జ్వరమో, అమ్మవారో పోసి తగ్గిపోతుంది. పిల్లవాడు మళ్లీ బడికి పోతుంటాడు. వారం నుంచి మూడు వారాల లోపు ఉన్నట్టుండి మగతగా అయిపోతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, ఫిట్స్ రావచ్చు, కాళ్లు చచ్చుబడవచ్చు. మధ్యలో ఆ విరామం ఉండడం వల్ల ఇంట్లోవాళ్లు పాత జ్వరాన్ని దీనితో కలపరు. నిన్న తిన్నదో, మొన్న పడిందో, దిష్టి తగిలిందో అనుకుంటారు. డాక్టర్‌కు చెప్పేటప్పుడు గడిచిన నెల రోజుల్లో వచ్చిన ప్రతి జ్వరమూ చెప్పాలి అనేది ఇందుకే.

ఏడెమ్ స్కాన్ చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. అంచులు తెలియని, దూదిపింజల్లాంటి పెద్ద పెద్ద తెల్ల మచ్చలు రెండు వైపులా, కానీ సమానంగా కాకుండా ఉంటాయి. వైట్ మ్యాటర్‌తో పాటు లోతుల్లోని థాలమస్ లాంటి గ్రే మ్యాటర్ ముద్దల్లోనూ ఉంటాయి. వెన్నుపాములోనూ ఉండవచ్చు. భయపెట్టే ఈ ఫిలిం తాలూకు పిల్లల్లో చాలామంది బాగా కోలుకుంటారు. సాధారణంగా మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను మూడు నుంచి ఐదు రోజులు సెలైన్‌లో ఎక్కించి, ఆపైన మాత్రలతో మెల్లగా తగ్గిస్తూ వస్తారు. కానీ మొదటి రోజే తీసిన ఎంఆర్ఐలో ఏమీ కనిపించకపోవచ్చు కూడా. లక్షణాలకు, మచ్చలకు మధ్య కొన్ని రోజుల తేడా ఉండడం ఇందులో మామూలే. 'స్కాన్ నార్మల్, ఇంటికి తీసుకుపోండి' అన్న మాట పిల్లవాడు మగతగా ఉన్నంతవరకు నమ్మదగ్గది కాదు.

స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు డాక్టర్లు తటపటాయించడానికీ కారణం ఉంది. హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ మెదడుకెక్కితే అది ఇంకా ఆడుతున్న మంట, ఆరిపోయినది కాదు. అది కణతల లోపలి వైపున ఉండే టెంపోరల్ భాగాన్ని, దాని పక్కనున్న ఇన్సులాను పట్టుకుంటుంది, ముఖ్యంగా గ్రే మ్యాటర్‌ను. దానికి ఎసైక్లోవిర్ అనే మందు పడాలి, అదీ గంటల్లో. అందుకే చాలాసార్లు వెన్నులోంచి తీసిన నీటి పరీక్ష ఫలితం వచ్చేలోపే ఎసైక్లోవిర్ మొదలుపెట్టి, హెర్పిస్ కాదని తేలితే ఆపుతారు. వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న భయం మన ఊళ్లలో ఇంకా బలంగానే ఉంది. సూది దిగే చోటుకు పైనే వెన్నుపాము ముగిసిపోతుంది. వైరస్ పేరు తేలేది చాలాసార్లు ఆ నాలుగు చుక్కల్లోనే, ఫిలింలో కాదు.

ఏడెమ్ పేరు విన్నప్పుడల్లా మల్టిపుల్ స్క్లెరోసిస్ ప్రస్తావన వస్తుంది. దాని మచ్చలు చిన్నవి, అండాకారంలో, మెదడు గదులకు నిలువుగా గుచ్చినట్టు ఉంటాయి. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. కొత్తవే డైతో వెలుగుతాయి. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కు దీనితో ఉన్న బంధం 2022లో గట్టిగా బయటపడింది. కోటి మందికి పైగా అమెరికా సైనికుల రక్త నమూనాల రికార్డులను ఏళ్ల తరబడి పరిశీలిస్తే, ఆ వైరస్ సోకాక ఈ జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగినట్టు తేలింది. అయినా ఆ వైరస్ దాదాపు అందరికీ సోకేదే, వాళ్లలో జబ్బు వచ్చేది అతి కొద్దిమందికి. కాబట్టి ఎవరికైనా మచ్చలు కనిపించగానే ఆ వైరస్‌కు రక్తపరీక్ష చేయించి పాజిటివ్ అని కంగారు పడడంలో అర్థం లేదు.

మూడో దారి అన్నిటికన్నా క్రూరమైనది. తట్టు వచ్చి తగ్గిన పిల్లల్లో చాలా కొద్దిమందికి ఆ వైరస్ పూర్తిగా పోదు. రూపు మార్చుకుని మెదడు కణాల్లో ఉండిపోతుంది. సగటున ఆరేడేళ్ల నుంచి పదేళ్ల తర్వాత ఎస్ఎస్‌పీఈ (సబ్‌అక్యూట్ స్క్లెరోజింగ్ పాన్‌ఎన్సెఫలైటిస్) అనే మెదడు జబ్బుగా బయటపడుతుంది. మొదట మార్కులు తగ్గుతాయి, చేతిరాత చెడుతుంది, పిల్లవాడు చిరాగ్గా ఉంటాడు. టీచర్ తిడుతుంది, తల్లిదండ్రులు ఫోన్ లాక్కుంటారు. కొన్ని నెలలకు తల హఠాత్తుగా వాలిపోవడం, ఒళ్లు ఒకే తాళంలో ఉలిక్కిపడినట్టు కొట్టుకోవడం మొదలవుతుంది. రెండేళ్ల వయసు లోపు తట్టు సోకినవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ.

ఎస్ఎస్‌పీఈలో ఎంఆర్ఐ మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకుంటే దెబ్బతింటాం. తొలి నెలల్లో స్కాన్ పూర్తిగా మామూలుగా ఉండవచ్చు. తర్వాత మెదడు వెనక భాగంలో, ఒక వైపు ఎక్కువగా, వైట్ మ్యాటర్‌లో తెలుపు మొదలై, క్రమంగా గదుల చుట్టూ పాకి, చివరికి మెదడు కుంచించుకుపోతుంది. జబ్బును ముందుగా పట్టిచ్చేది మెదడు విద్యుత్ అలలను గీసే ఈఈజీ. అందులో కొన్ని సెకన్లకొకసారి పెద్ద అలలు లెక్క తప్పకుండా తిరిగొస్తుంటాయి. వెన్నునీటిలో తట్టు వైరస్ మీద యాంటీబాడీలు ఎక్కువగా ఉంటే నిర్ధారణ అవుతుంది. నయం చేసే మందు లేదు, కొందరిలో వేగం తగ్గించే మందులు మాత్రం ఉన్నాయి. టీకాతో ఈ జబ్బు రాదు, టీకా వేయించుకోకపోవడం వల్ల వస్తుంది. 2017 ఆగస్టులో తెలంగాణలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు బడుల్లో మీజిల్స్-రుబెల్లా టీకా వేసినప్పుడు, ఎందుకీ గొడవంతా అని వాట్సాప్‌లో ప్రశ్నించినవాళ్లకు జవాబు ఈ జబ్బే. ఇప్పుడు ఆ టీకా మామూలు షెడ్యూల్లోనే 9 నెలలకు ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి ఇస్తారు.

భయం అక్కర్లేని మచ్చ కూడా ఒకటి ఉంది. డెంగీ, ఫ్లూ లాంటి జ్వరాల్లో కొద్దిగా మగతగా ఉన్న మనిషికి స్కాన్ తీస్తే, మెదడు రెండు అర్ధభాగాలను కలిపే వంతెన వెనక చివర సరిగ్గా నడిమధ్యన, గుండ్రంగా ఒకే ఒక్క తెల్ల మచ్చ కనిపిస్తుంది. డిఫ్యూజన్ చిత్రంలో అది కొట్టొచ్చినట్టు మెరుస్తుంది. పక్షవాతం అనుకునే ప్రమాదం ఉంది. చాలామందిలో ఆ మచ్చ కొద్ది వారాల్లో జాడ లేకుండా పోతుంది, మనిషి మామూలవుతాడు. సోడియం పడిపోయినా, ఫిట్స్ మందు హఠాత్తుగా ఆపినా ఇదే మచ్చ రావచ్చు కాబట్టి ఆ రెండూ చూసుకోవాలి. చికున్‌గున్యా విషయంలో మాత్రం ప్రసవ సమయంలో తల్లికి జ్వరం ఉంటే పుట్టిన బిడ్డను జాగ్రత్తగా గమనించాలి. అలాంటి పసికందుల వైట్ మ్యాటర్ తీవ్రంగా దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి.

మన ప్రాంతంలో 'వైరస్ మెదడుకెక్కింది' అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది వేరే. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపుతో ఆస్పత్రుల పాలై, 183 మంది చనిపోయారు. కరీంనగర్, వరంగల్ జిల్లాల పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. నాగపూర్ దగ్గరి ఒక ఊరి పేరు మీద 1965లోనే గుర్తించిన చాందీపుర వైరస్‌కు దానితో సంబంధం ఉందని తేల్చారు. ఆ జబ్బు, దోమలతో వచ్చే జపనీస్ మెదడువాపు ఈ వ్యాసంలోని జబ్బుల లాంటివి కావు. జపనీస్ మెదడువాపు ప్రధానంగా రెండు వైపులా థాలమస్‌లను, అంటే గ్రే మ్యాటర్‌ను పట్టుకుంటుంది. రోజుల్లో, కొన్నిసార్లు గంటల్లో తేలిపోతుంది. నెలల తరబడి ఉన్న తలనొప్పికి తీసిన స్కాన్‌లోని నాలుగు చుక్కలను ఆ జ్ఞాపకంతో కలిపి భయపడాల్సిన పని లేదు.

నిజానికి యాభై దాటినవాళ్ల రిపోర్టుల్లో కనిపించే తెల్ల చుక్కల్లో ఎక్కువ భాగానికి వైరస్‌లతో ఏ సంబంధమూ ఉండదు. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ, షుగర్, పొగ తాగడం వల్ల సన్నటి రక్తనాళాలు గట్టిపడి లోతట్టు వైట్ మ్యాటర్‌కు రక్తం సరిగా అందక అవి వస్తాయి. 1987 నుంచి వాడుకలో ఉన్న ఫజెకాస్ అనే కొలమానంతో వాటిని సున్నా నుంచి మూడు దాకా లెక్కగడతారు. రిపోర్టులో 'ఫజెకాస్ 1' అని ఉంటే అది వయసు రాతలో ఒక చిన్న గీత. రెండో, మూడో అయితే బీపీ మిషన్ కొనుక్కోవాల్సిన టైం వచ్చిందన్నమాట. మైగ్రేన్ ఉన్న ముప్పై ఏళ్ల అమ్మాయిలో కూడా కొన్ని చుక్కలు కనిపించవచ్చు. ఇలాంటి చుక్కలకు 'డీమైలినేషన్?' అని ప్రశ్నార్థకం పెట్టి వదిలేసే రిపోర్టుల మీద నాకు కొంచెం కోపమే. ఆ ప్రశ్నార్థకం ఖర్చు హైదరాబాద్ బస్సు చార్జీల నుంచి అనవసరపు స్టెరాయిడ్ దాకా పోతుంది.

అయితే రిపోర్టు చివర ఉండే 'క్లినికల్ కోరిలేషన్ సూచించబడింది' అన్న వాక్యాన్ని మాత్రం తప్పించుకునే మాటగా తీసుకోవద్దు. ఈ సమాచారాన్ని రోగి కథతో కలిపి చదవండి అని డాక్టర్‌ను అడగడమే అది. ఆ కథ ఇవ్వాల్సింది మనమే: జ్వరం ఎప్పుడు వచ్చింది, ఒంటి మీద దద్దులు లేచాయా, లక్షణం గంటల్లో ముదిరిందా నెలల్లోనా, ఏ మందులు వాడుతున్నారు, హెచ్ఐవీ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా, చిన్నప్పుడు తట్టు టీకా పడిందా. ఆర్‌ఎంపీ ఇచ్చిన సూదుల్లో స్టెరాయిడ్ ఉండి ఉంటే అదీ చెప్పాలి. అది మచ్చ వెలగడాన్ని తాత్కాలికంగా అణిచేసి స్కాన్‌నే తప్పుదారి పట్టించగలదు.

చాలాసార్లు అసలు జవాబు రెండో స్కాన్‌లో వస్తుంది. ఏడెమ్ మచ్చలు కొన్ని నెలల్లో తగ్గుముఖం పట్టాలి. మూడు నెలల తర్వాత కొత్తవి పుడితే జబ్బు పేరు మారుతుంది. పీఎంఎల్ మచ్చ వారాల్లోనే పెరుగుతుంది. బీపీ చుక్కలు ఏడాది తర్వాతా దాదాపు అలాగే ఉంటాయి. ఆ పోలిక కుదరాలంటే పాత చిత్రాలు చేతిలో ఉండాలి. ఫిలిం మీద అచ్చు వేసేవి ఎంపిక చేసిన కొన్ని చిత్రాలే, మొత్తం సెట్టు సీడీలోనో, సెంటర్ ఇచ్చే లింకులోనో ఉంటుంది. లింకులు కొన్నాళ్లకు పనిచేయవు. కాబట్టి స్కాన్ సెంటర్ కౌంటర్ దగ్గరే సీడీ అడిగి తీసుకుని, పైన తేదీ రాసి, రిపోర్టుతో పాటు ఫైల్లో పెట్టుకోండి. రెండోసారి తీయించేటప్పుడు వీలైతే అదే సెంటర్‌లో, అదే యంత్రం మీద తీయించండి.